పెద్ద మామా కోసం మార్చిన ముగింపులు

సినిమా నిర్మాత అనేవాడు ఏం చేస్తాడో నాకు మొదట చెప్పినవాడు నేను పనిచేసే ఇంటి డ్రైవరు, రాయచోటి తమ్ముడు. బండిలో కాచుకుని కూర్చున్నప్పుడు ఫోనులో ఎవరో పాతకాలపు హాలీవుడ్ నిర్మాత కథ చూశాడట.

"గుమాస్తాగా చేరి కంపెనీకే యజమాని అయినాడంటక్కా. నటించడు, రాయడు, కెమెరా ముట్టడు."

"మరి యాం చేస్తాడు?"

"సినిమా అయినాక యాదో చిన్న ఊర్లో ఊరికే ఏసి, ఎనక వరసలో కూచుంటాడంట. జనాలు మొగం మాడ్చుకుంటే ఆకరు సీను మళ్ళా తీపిస్తాడు. చచ్చినోన్ని గూడా లేపుతాడు."

ఆ మాట దేవుడే పంపాడని ఇప్పటికీ నమ్ముతాను.

అరబ్బు దేశంలో, రుమైథియాలోని ఈ ఇంట్లో నా పని పెద్ద మామాకు అన్నం తినిపించడం; ఇక్కడ యజమానురాలిని మామా అనే పిలవాలి, ఈమె ఇంటికి పెద్దావిడ. ఆమెకు చూపు పోయింది. తిండీ మానేస్తోంది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాలన్నాడు డాక్టరు. మధ్యాహ్నం టీవీలో పాత అమెరికా సినిమా వస్తుంటే, కనబడేది నాకొచ్చిన అరబ్బీలో నేను చెప్పాలి, ఆమె తినాలి. హీరో చనిపోతే చాలు, నోరు మూసేసేది. నాకు ఇంగ్లీషు రాదు. మా అమ్మ ఇంట్లో దిద్దించిన తెలుగు అక్షరాలే నా చదువు.

మరునాటి నుంచి నేనే నిర్మాతనయ్యాను. మునిగిన ఓడ వంటవాడితో సహా ఒడ్డుకు చేరింది. బ్యాంకు దోచినవాడు సొమ్ము తిరిగిచ్చేసి ఉమ్రా యాత్రకు వెళ్ళాడు. గిన్నె ఖాళీ అయ్యేది. తెల్లవారి దీపం పెట్టి, నిన్నటి అబద్ధాలకు క్షమాపణ, ఇవాళ్టి వాటికి అనుమతి ఒకేసారి అడిగేదాన్ని.

ఒకరోజు కోడలు మామా వచ్చి పక్కన కూర్చుంది. ఆమె బడిలో ఇంగ్లీషు చెబుతుంది. తెరమీద సిపాయిని గోతిలోకి దించుతున్నారు.

"అలసిపోయి పడుకున్నాడు," అన్నాను.

"పడుకున్నాడా? పైన మట్టి పోస్తున్నారే," అంది కోడలు మామా.

"చలి, మామా."

పెద్ద మామా నమలడం ఆపింది.

"పెళ్ళైన కొత్తలో ఆయనతో చూశాను ఈ సినిమా," అంది పెద్ద మామా నింపాదిగా. "వాడు చస్తాడు, ఖలాస్. ఆ ముగింపుతో నాకు ముద్ద దిగదు. నువ్వు చెప్పు, లేచాక ఎవరిని చేసుకుంటాడు?"

"నర్సును."

కోడలు మామా కాసేపు తెర చూసింది. "నర్సు వద్దు. ఉత్తరాలు రాసిన పిల్ల ఉంది కదా, పాపం."

పెద్ద మామా నోరు తెరిచింది.

గొట్టం అక్కర్లేదని పోయిన వారం డాక్టరు చెప్పాడు. ఇది చదివినవాళ్ళు అన్నం కలుపుకునేటప్పుడు, రేపటి ముద్ద కూడా దిగాలని, పెద్ద మామాను ఒక్కసారి తలుచుకోండి.