కాళ్ళు ముట్టనివ్వని మావ

మావ పోయాడని ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. ఆస్పత్రిలో ఆయన దగ్గరున్న మా వైపు వెల్డర్ ఒకడు చేశాడు. "అయిపోనాదిరా. బేగి రా" అని పెట్టేశాడు. నేను వెళ్ళేసరికి మావని అంబులెన్సులోకి ఎక్కించేశారు, కానీ బండి కదల్లేదు. ఎక్కడికి పోనివ్వాలో డ్రైవరుకి చెప్పేవాడు లేడు.

ఫ్యాక్టరీల పేట ఉర్లాలో మావ పదహారేళ్ళుగా ఒకే గదిలో అద్దెకున్నాడు. ఆ ఇంటాయన ఫోన్‌లోనే తేల్చేశాడు: "బాడీ ఇధర్ నహీ ఆయేగీ భయ్యా. సీధా ఘాట్ లే జావో." శవాన్ని ఇంటికి తేవద్దు, నేరుగా శ్మశానానికి పట్టుకుపొమ్మని. శ్రీకాకుళం నుంచి మావ చెల్లెలు రైల్లో వస్తోంది. మధ్యాహ్నానికి గానీ దిగదు. ఆవిడ కడసారి చూడకుండా ఎలా తీసుకెళ్తాం? అప్పటిదాకా ఆయన్ని పడుకోబెట్టడానికి ఆరడుగుల జాగా కావాలి. ఈ ఊళ్ళో మాలాంటివాళ్ళు ఎంతమందికో గదులు వెతికిపెట్టిన మనిషికి, జాగా లేదు.

ఆ పొద్దుటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఈ నాలుగు ముక్కలు కూడా లేచి తిరుగుతూ, మళ్ళీ వచ్చి కూర్చుంటూ రాస్తున్నాను.

ఆయన నాకు మావ కాడు. ఆయనది వేరే ఊరు, వేరే కులం. రోలింగ్ మిల్లులో పనిచేసి, మోకాళ్ళు అరిగిపోయాక అక్కడే గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. ఆదివారమొస్తే టాటీబంధ్ చౌరస్తాలో టీ కొట్టు ముందు నిలబడేవాడు. మన వైపు నుంచి బస్సులోనో లారీలోనో దిగిన కుర్రాడు సంచి పట్టుకుని దిక్కులు చూస్తుంటే, "ఏ ఊరు బావూ?" అని పలకరించేవాడు. అంతే, ఆ క్షణం నుంచి ఆ కుర్రాడికీ ఆయన మావే.

నన్నూ అలాగే పట్టుకున్నాడు. మూడు వారాలు తన గదిలో ఉంచుకుని, ఖాళీ దొరికిన ప్రతి పూటా గదులు చూపించాడు. గది చూడ్డానికి వెళ్తే మావ చేతిసంచిలో రెండు వస్తువులు ఉండేవి: తువ్వాలులో చుట్టిన బల్బు, సీసాడు నీళ్ళు. "ఖాళీ గదిలో బల్బు ఉంచరురా. కరెంటు ఉందో లేదో నీకెలా తెలుస్తాది?" అంటూ తన బల్బు హోల్డరులో పెట్టి చూసేవాడు. నీళ్ళు తూములో పోసి, అవి పోయేదాకా అక్కడే నిలబడేవాడు.

కరెంటూ తూమూ బాగున్నచోట నేను బాగుండేవాణ్ణి కాదు. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పంచే కరపత్రాలు ఒక్కటీ వదలకుండా చదివి, ఒళ్ళంతా నిప్పులు పోసుకుని తిరుగుతున్న రోజులవి. ఇంటివాళ్ళు మొదట అడిగేది కులం, తర్వాత మాంసం, ఆ తర్వాత పెళ్ళి. ఒకాయన "కౌన్ జాత్?" అంటే నేను "ఇన్సాన్" అన్నాను, మనిషినని. తలుపు వేసేశాడు.

వీధిలోకొచ్చాక మావ నవ్వాపుకోలేకపోయాడు. "ఇన్సాన్‌కి గది లేదటరా! పోనీ, ఇంకో ఇంట్లో ఇంకో జాతి సెప్పి సూద్దునా?"

"నవ్వుతావేటి మావా? ఇల్లు మనిషి హక్కు."

"కాదన్నానేటి? ఆ కాయితంలో ఉన్నది నిజమే. వానొస్తే అది నెత్తిన కప్పుకోగలవా, సెప్పు."

పదకొండు గదులు అలాగే పోయాయి. పన్నెండోది టాటీబంధ్ వెనక, లారీల షెడ్లు దాటాక ఒక ముసలావిడది. ఇక్కడివాళ్ళు పెద్దావిడని దాయి అంటారు. వీధి చివరే మావ నన్ను ఆపాడు. "నా భాంచావని సెప్తాను. నువ్వు నోరెత్తావో, నిన్ను తిరుగు బస్సెక్కించేస్తాను." భాంచా అంటే మేనల్లుడు. మేనమామ పూచీ ఉన్న కుర్రాడంటే ఇక్కడ ఇంటివాళ్ళు ఇక కులం తవ్వరని ఆయన లెక్క. నాకు ఆ అబద్ధం గొంతు దిగలేదు. కానీ మూడు వారాలుగా ఆయన చాప మీద పడుకుంటున్నవాణ్ణి, ఏం మాట్లాడతాను?

దాయి నన్ను ఎగాదిగా చూసింది. సరేనని తాళంచెవి నా చేతిలో పెట్టింది. అది చేతికి తగలగానే ఏమైందో, ఒంగి మావ కాళ్ళకి దణ్ణం పెట్టేశాను. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి పెట్టమూ?

దాయి మొహం మారిపోయింది. "భాంచా హర్ మమా కే పావ్ పరథే?" అంది. మేనల్లుడు మేనమామ కాళ్ళు ముట్టుకోవడమేమిటని. ఈ సీమలో అది తలకిందుల పద్ధతి. ఇక్కడ మేనమామే మేనల్లుడి కాళ్ళకి దణ్ణం పెడతాడు, వాడు చంటివాడైనా సరే. నాకు తెలీదు. మావకి తెలుసు.

మావ ఒక్క క్షణం ఆగలేదు. గోడ పట్టుకుని వంగాడు. ఆయన మోకాళ్ళు పుల్లల్లా విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండేళ్ళుగా నేల మీద కూర్చోలేని మనిషి రెండు చేతులతో నా పాదాలు ముట్టుకుని, కళ్ళకద్దుకుని లేచాడు. "పిల్లడు మా ఊరి అలవాటు మర్చిపోలేదు దాయీ" అని హిందీలో నవ్వుతూ చెప్పాడు. దాయి లోపలికెళ్ళి టీ పెట్టింది.

బయటికొచ్చాక నేను అరిచేశాను. "నా కాళ్ళు పట్టుకుంటావేటి మావా? గది కోసం ఇంత దిగజారాలా?"

"దిగజారడమేటిరా గుంటడా! కౌసల్య ఈ సీమ ఆడపడుసట. రాముడు ఈళ్ళకి మేనల్లుడట. అందుకే ఈళ్ళు మేనల్లుడి కాళ్ళు మొక్కుతారు. నీకు రాముడంత సీను లేదు గానీ, గదైతే వచ్చినాదా లేదా?"

ఆ తర్వాత నాలుగేళ్ళూ అదొక వేళాకోళం. ఆదివారం దాయి ఇంటికొస్తే గుమ్మంలోంచే "ఏడీ నా భాంచా?" అని కేకేసేవాడు. మళ్ళీ నా కాళ్ళకి వంగుతాడేమోనని, ఆయన కూర్చునేదాకా నేను నీళ్ళగదిలో దాక్కునేవాణ్ణి. ఒకటి రెండుసార్లు దొరికిపోయాను కూడా. నేను వంగబోతే మాత్రం కాలు వెనక్కి లాక్కునేవాడు. "ఈ గుమ్మంలో వద్దు. ముసల్ది సూస్తాది."

కొత్తవాడికి గది కుదిరాక ఆయన వదిలేసేవాడు కాదు. "గది దొరికితే సగమేరా. ఆదివారం మాటాడ్డానికి మనిషి దొరికితే మిగతా సగం" అనేవాడు. అందుకే టీ కొట్టు దగ్గర మేమంతా పోగయ్యేవాళ్ళం. ఒకడి పక్కింటివాడి సంగతి, ఇంకొకడి సూపర్వైజరు తిట్లు, అన్నీ ఆయన చెవిన పడాల్సిందే. రానివాణ్ణి వెతుక్కుంటూ తనే వెళ్ళేవాడు.

చివరి రెండు ఆదివారాలు నేను వెళ్ళలేదు. ఆయన వెతుక్కుంటూ రాలేదు. జ్వరంతో ఉన్నాడని నాకు తెలీదు.

అంతకు ముందు గొడవ పడ్డాం. కులం అడిగే ఇంట్లో ఎవరం అద్దెకు దిగమని నేనే ఒక కరపత్రం రాసి, కింద మావ పేరు పెడతానన్నాను. ఆయన చదివి మడతపెట్టి ఇచ్చేశాడు. నాకు మండింది. అందరి ముందూ అన్నాను: "నువ్వు సెప్పే అబద్ధాల వల్లే ఈళ్ళు మారట్లేదు మావా. మేనల్లుడని సెప్పి సెప్పి ఆళ్ళ పొగరు కాస్తన్నావు."

ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "నిజమేరా. నువ్వు మార్చు. ఆళ్ళు మారిందాకా ఈ కుర్రాళ్ళు ఎక్కడ పడుకోవాల?" అన్నాడు.

కరపత్రం జేబులో పెట్టుకుని లేచి వచ్చేశాను.

ఆ పొద్దున ఆస్పత్రి దగ్గర అంబులెన్సు డ్రైవరు అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు. ఉర్లా వెళ్ళి ఆ ఇంటాయన కాలర్ పట్టుకుందామని నేను నా బైకు తీశాను. వెల్డర్ తాళంచెవి లాగేసుకున్నాడు. "కొట్టు. కొట్టీసినాక మావనెక్కడ దించుతావు?" అన్నాడు.

దాయి ఇంటికి పోనివ్వమని డ్రైవరుకి చెప్పాను. దారంతా నాలో ఒకటే పోరు. మేనమామ అంటే ఆవిడ కాదనలేకపోవచ్చు. కానీ ఆయన శవాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధం ఆడబుద్ధి కాలేదు. నిజం చెప్తే గేటు తీయకపోవచ్చు, నా గది కూడా పోవచ్చు. అంతకంటే, ఆయన ఎండలో బండిలోనే ఉండిపోవచ్చు. 

గేటు దగ్గర నిలబడి చెప్పేశాను. "దాయీ, ఈయన నా మావ కాడు. మాది ఒక ఊరు కాదు, ఒక జాతి కాదు. నాలుగేళ్ళు నీకు అబద్ధం చెప్పాం. ఈయన చెల్లెలు వచ్చేదాకా నీ వరండాలో పడుకోనిస్తావా?"

ఆవిడ బండి వైపు చూసింది, తర్వాత నా వైపు. "మొదటి రోజే తెలుసు. ముందు వంగింది నువ్వు కదా" అంది. "ఆ మోకాళ్ళతో పరాయి బిడ్డ కాళ్ళు ముట్టుకున్నాడు. ఇంకేం అడగాలి?"

గేటు రెండు రెక్కలూ తీసి, తనే చాప తెచ్చి పరిచింది. పడుకోబెట్టాక నా భుజం మీద చెయ్యి వేసి మావ కాళ్ళ వైపు తోసింది. వంగి ముట్టుకున్నాను. మడమల పగుళ్ళలో నల్లటి ఇనుప రజను అలాగే ఉంది. ఈసారి ఆయన కాలు వెనక్కి లాక్కోలేదు.

మధ్యాహ్నం చెల్లెలు వచ్చేసరికి ఇరవైమందికి పైగా కుర్రాళ్ళం వరండా నిండా ఉన్నాం. "మీరంతా ఏమవుతారు బావూ?" అని అడిగిందావిడ. భాష రాకపోయినా ఆ ప్రశ్న దాయికి అర్థమైంది. "సబ్బో భాంచా ఆయ్" అని దాయి చెప్పింది. అందరూ మేనల్లుళ్ళే.

మావ చేతిసంచి ఇప్పుడు నా దగ్గరుంది. నా కరపత్రం కూడా అందులోనే పెట్టాను, అది చింపలేదు. నిన్న పలాస కుర్రాడొకడికి గది చూడ్డానికి బయల్దేరాను. బండి గతుకులో పడ్డ ప్రతిసారీ ఆపి, తువ్వాలు విప్పి బల్బు ఎత్తి చూశాను. లోపల సన్నటి తీగ ఇంకా తెగలేదు. వణుకుతోంది.