షుగరు రిపోర్టు, చలిమిడి డబ్బా

నాకిప్పుడు ఏడో నెల. పొద్దున విజయవాడలో డాక్టరుగారు రిపోర్టు చూసి షుగరొచ్చిందన్నారు. తీపి ముట్టుకోవద్దని, రోజూ వేలు గుచ్చుకుని చూసుకోమని చెప్పారు. బిడ్డకేమవుతుందోనని దారంతా దిగులే. కాళ్లీడ్చుకుంటూ కంకిపాడులో ఇల్లు చేరేసరికి, కడుపు చలవకని అమ్మ చలిమిడి చేసి తెచ్చింది.

"అమ్మా, నాకు షుగరొచ్చింది. బెల్లం తినకూడదంట."

"నీకెవరు పెడుతున్నారే? ఇది లోపలున్న బిడ్డకి."

వాదించే ఓపిక లేక గోరంత నోట్లో వేసుకున్నాను. అమ్మ నా రిపోర్టు తీసుకెళ్లి దేవుడి పటం ముందు పెట్టి, చాలాసేపు అక్కడే నిలబడింది.

ఇలాంటి వాదనలో అమ్మ మీద గెలిచినవాళ్లుంటే కాస్త చెప్పండి. చలిమిడి బిడ్డకట, రిపోర్టు దేవుడికట. రేపు పొద్దున సూది మాత్రం నాకే.