మాట అందించని పూట

నెల్లిమర్ల జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టే చోట మేస్త్రీ జగన్నాధం. ఊళ్లో ఆయనకి పేరు తెచ్చింది మాత్రం ఆ మేస్త్రీ పని కాదు. పంతొమ్మిదేళ్లుగా మిల్లు కార్మికుల నాటక సమాజానికి ఆయనే ప్రాంప్టరు. తెర పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మాట మరిచిన నటుడికి మాట అందించడం ఆయన పని. నిజం చెప్పాలంటే మరవడానికి ముందు నేర్చుకునే అలవాటు మా నటులకి లేదు. ఎనిమిది గంటలు మగ్గం దగ్గర నిలబడి వచ్చినవాడికి పాఠం ఎక్కడ బుర్రకెక్కుతుంది? "జగన్నాధం ఉన్నాడు గదా" అని ధైర్యంగా మొహానికి రంగు పూసుకునేవారు. ఆయన గుసగుస మొదటి వరసకి వినబడదు, నటుడి చెవి తప్పిపోదు. స్టేజీ మీద నాలుగు క్షణాలు మాట ఆగితే తన పరువు పోయినట్టే బాధపడేవాడు.

అరవై ఎనిమిదిలో విజయనగరం నుంచి నరసింగరావు అనే కుర్ర లెక్చరరు దిగాడు. అమెరికాలో ఒకాయన ఇరవయ్యేళ్ల కిందట రాసిన నాటకాలన్నీ చదివేసి, వాటిలో ఒకదాన్ని తెలుగు చేసి పట్టుకొచ్చాడు. పద్యాల్లేవు, రాజుల్లేరు, హార్మోనియానికి పనే లేదు. గాజు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తండ్రి, తన ఉద్యోగం నిలుపుకోవడానికి స్నేహితుడి మీద అబద్ధపు సాక్ష్యం రాసి సంతకం పెడతాడు. పని పోయిన స్నేహితుడు దిగులుతో మంచం పట్టి చనిపోతాడు. ఆఖర్న అతని భార్య వచ్చి, ఎందుకు పెట్టావు సంతకం అని అడుగుతుంది. ఈ కథ విని జగన్నాధం భార్య నారాయణమ్మ, "ఆయనెవులో మన ఊరొచ్చి ఎళ్లినట్టున్నాడు" అంది.

చిక్కల్లా ఆ పుస్తకంలో నలభై చోట్ల 'మౌనం' అని రాసి ఉండటమే. మొదటి రిహార్సల్లో జగన్నాధం అలవాటు కొద్దీ దాన్నీ అందించేశాడు. తండ్రి వేషం వేసే ఎర్రన్న అందినది వదిలే మనిషి కాదు. గంభీరంగా "మౌనం" అన్నాడు. నరసింగరావు నెత్తి కొట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆ తప్పు చేయలేదు గానీ, మౌనాన్ని ఓర్చుకోవడం జగన్నాధం వల్ల కాలేదు. రెండు క్షణాలు గడిస్తే చాలు, నోరు దురద పెట్టి తర్వాతి మాట అందించేసేవాడు. చూసి చూసి నరసింగరావు తేల్చి చెప్పాడు.

"జగన్నాధం గారూ, మీరంటే గౌరవమే. కానీ విజయనగరం నాటక పోటీల నాడు ఒక్క మౌనంలో మీ గొంతు వినిపించినా, ఇక మీ పీట అక్కడ ఉండదు. అసలు ఇలాంటి నాటకాలకి ప్రాంప్టరే అక్కర్లేదు."

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఇల్లూ పిల్లలూ మిల్లూ అందరికీ ఉంటాయి, ఆ పీట ఆయనొక్కడికే ఉంది. "నోట్లో లవంగం ఎట్టుకో, నాలిక కదలదు" అని నారాయణమ్మ ఉపాయం చెప్పింది.

విజయనగరం పోటీల్లో ఆదివారం మూడింటి ఆట మావాళ్లది. నలభై మౌనాలూ జగన్నాధం లవంగాలు కొరుకుతూ దాటించేశాడు. ఆఖరి రంగం వచ్చింది. స్నేహితుడి భార్య వేషానికి డబ్బిచ్చి తెచ్చుకున్న నటి పద్మకుమారి, ఎర్రన్నకి ఎదురుగా నిలబడి అడిగింది.

"ఎందుకు పెట్టావు సంతకం?"

పుస్తకంలో ఇక్కడ మౌనం లేదు. 'నాకూ పిల్లలున్నారు' అని మొదలై పేజీన్నర సాగే జవాబు ఉంది. ఎర్రన్న నోరు విప్పలేదు. పాఠం పూర్తిగా మరిచిపోయాడు. మాట అందించబోతూ, ఎప్పుడూ పుస్తకం మీంచి కళ్లు తిప్పని జగన్నాధం ఆ పూట ఎందుకో తలెత్తాడు.

ఎర్రన్న ఇటే చూస్తున్నాడు. అడిగినదానికి జవాబు లేని మనిషి ముఖం అది. పేజీన్నర జవాబూ ఆ ముఖం ముందు వట్టి సాకులా తోచింది. ఇప్పుడు అందిస్తే తప్పు కాదు, అందించడమే ఆయన ధర్మం. ఎర్రన్న కళ్లతోనే బతిమాలాడు. జగన్నాధం తల అడ్డంగా ఊపి పుస్తకం మూసేశాడు.

ఎంతకీ జవాబు రాకపోయేసరికి పద్మకుమారి అతన్ని పైనుంచి కింద దాకా ఒకసారి చూసి, మెల్లగా వెళ్లిపోయింది. తెర పడింది.

ఉత్తమ నటుడి కప్పు ఎర్రన్నకే వచ్చింది. "ఆ మౌనం నేను రాయలేదు, రాయాల్సింది" అని నరసింగరావు అతన్ని కౌగిలించుకున్నాడు. జగన్నాధం వైపు తిరిగి, "చూశారా, ప్రాంప్టరు అవసరమే రాలేదు" అని నవ్వాడు. జగన్నాధమూ నవ్వాడు. తన పీట కాలు తానే విరగ్గొట్టుకున్నానని అర్థమై లోలోపల ఏడుపొచ్చింది.

నెల్లిమర్ల బస్సులో ఎర్రన్న వచ్చి జగన్నాధం పక్కన కూర్చున్నాడు.

"నన్నలాగ ఒగ్గీసినావేటి బావా?" అన్నాడు. "పేనం పోయినట్టయిపోయింది."

"అందిద్దామనే నోరు తెరిసినాను. నీ ముకం సూసి ఆగిపోనాను. దాని ముందు ఏ మాటా ఆనదు బావా."

ఎర్రన్న కప్పుని ఒళ్లో అటూ ఇటూ తిప్పాడు. "ఆ లెచ్చరరు నీ పీట తీసీమంటన్నాడు."

"నిజమే గదా. మీరు మాటలన్నీ నేర్సీసుకుంటే ఇంక నానేటి సేస్తాను?"

"ఏటీ సెయ్యకు. ఊరికే కూకో" అన్నాడు ఎర్రన్న. "అటు తిరిగి సూసినప్పుడు మనిసొకడు ఉండాల. లేపోతే నానెవుల్ని సూసి నిలబడతాను?"