అతుకు కనిపించని ప్రాజెక్టు

మొన్న మన వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన ఫొటోలో ఏం చూశారో ముందు చెప్పండి. ఎరుపు. నా ఎం.ఏ. ప్రాజెక్టు పేజీల నిండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎరుపు. అదేందని ఒక్కరన్నా అడిగారా? అందరూ పూలబొమ్మలు పెట్టి ఊరుకున్నారు. మిమ్మల్ని అని లాభం లేదు. కంప్యూటర్ మెచ్చుకుని రంగు పూసిందనుకుని పెట్టింది నేనే.

ఏడో తరగతిలో బడి మాన్పించి మగ్గం గుంటలో కూర్చోబెడితే, మనవరాలు పుట్టినాక దూరవిద్యలో మళ్లీ మొదలుపెట్టిన మనిషిని. గద్వాల చీర మీద ప్రాజెక్టు. అది ఒప్పుకుంటేనే ఎం.ఏ. చేతికొస్తుంది, లేకుంటే ఇంకో ఏడాది ఆగాలి. అందుకే బస్సెక్కి యూనివర్సిటీ లైబ్రరీకి పోయాను. అక్కడి మేడంకు నా కోడలి వయసుంటుంది. పుస్తకాలు వెతకడం, కంప్యూటర్లో పాత వ్యాసాలు తీయడం ఓపిగ్గా నేర్పింది. ఏ మాట ఎక్కడిదో కింద రాయాలని కూడా చెప్పింది. తలూపాను. తలూపడానికి ఏం ఖర్చు.

ఇంటికొచ్చి నాకు తెలిసిన పనే చేశాను. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోతే కొత్త పడుగును పోగుకు పోగు అతుకుతాం. వేళ్లకు బూడిద అద్దుకుని మెలితిప్పుతాం. అతుకు కనిపించిందా, సేటు చీర విసిరికొడతాడు. అట్లాగే ఈ పుస్తకంలో ఒక పేరా, ఆ వ్యాసంలో ఒక పేరా తెచ్చి అతికాను. మధ్యలో నా సొంత మాటలు, వేళ్లకద్దిన బూడిదంత. చదివితే ఎక్కడా ముడి తగలదు.

మళ్లీ లైబ్రరీకి పట్టుకుపోతే మేడం దాన్ని కంప్యూటర్లో వేసింది. ఎరుపు వచ్చింది. ఫొటో తీసి మీకు పంపి ఆమె వైపు చూస్తే, ఆ ముఖంలో నవ్వు లేదు.

"ఎర్రగున్నదంతా వేరేవాళ్లు రాసిందమ్మా. గిట్లిస్తే వాపసు పంపుతరు."

"నేను దొంగతనం చేసిన్నా బిడ్డా? గంత కష్టపడి అతికితే?"

"అతుకు దాచినరు. ఇక్కడ అతుకు కనపడాలె."

నాకు మండింది. "ముడి కనపడితే మా దగ్గర కూలిలో కోత. ముడి కనపడకుంటే మీ దగ్గర కోత. ఏం చదువులమ్మా మీవి."

ఆమె నవ్వి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. రంగు పడని ఒక్క ముక్క మీద వేలు పెట్టింది. "గీ బూడిద ముచ్చట ఏ పుస్తకంలది?"

"పుస్తకమెక్కడిది. మా అత్త చెప్పింది."

"అయితే ఆమె పేరే రాయండి."

రాశాను. బతికినన్నాళ్లు "నీకేం తెల్వదు" అని నన్ను తిట్టిన మనిషి, బడి మొహం చూడని మనిషి, పుస్తకాలు రాసినవాళ్ల పక్కన కూర్చుంది. మిగిలినదంతా విప్పి, నా మాటల్లో మళ్లీ రాసి, ప్రతి అతుకు కిందా పేరు పెట్టాను.

ప్రాజెక్టు ఒప్పుకున్నారు. ఆ సంతోషంలో జరిగిందంతా కోడలికి పూసగుచ్చినట్టు చెప్పాను. అదే తప్పయింది.

నిన్న పొద్దున పప్పు పొంగుతుంటే అలవాటుగా అరిచాను. "కన్ను కుండ మీద, చెయ్యి గరిటె మీద ఉండాలె. నీకేం తెల్వదు."

కోడలు తాపీగా మంట తగ్గించింది. "ఈ మాట మీదేనా అత్తమ్మా, మీ అత్తదా? కింద పేరేది?"

ఇన్నేళ్లుగా దాన్ని తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎరుపే. ఇప్పుడు కోడలిని ఒక్క మాట అనాలన్నా మా అత్త పేరు చెప్పి అనమంటారా?