గోడకు జ్వరం చూసిన మనిషి

ఈ మనిషి గురించి ఎప్పుడో రాయాల్సింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. అరవై దాటాక మా కోడలి దగ్గర నేర్చుకున్నాను.

మార్కాపురంలో ఒక పాత ఇల్లు కొంటామని మా ఆయన మాట ఇచ్చేశాడు. ట్యాంకరు నీళ్లతో బతికే వీధి అది. బాత్రూం గోడలో పైపు కారుతుంటే ఆ ఇంట్లో కాపురం చేయలేం. ముందు చూపించాల్సిందేనని నేను పట్టుబడితే ఒక ప్లంబరును పిలిపించాడు.

అతను పనిముట్ల సంచి విప్పనే లేదు. మూసి ఉన్న వాల్వు తిప్పి పైపులోకి నీళ్లు వదిలి, బోర్లించిన బకెట్టు మీద గంటసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, పసిపిల్లలకు జ్వరం చూసినట్లు చేతి వెనకభాగాన్ని ఒక్కో టైలుకూ ఆనించాడు.

"ఏందయ్యా, గోడకు జొరమొచ్చిందా? మాత్ర తెప్పిద్దునా?" అని ఇల్లమ్మే ఆయన నవ్వాడు.

ప్లంబరు నవ్వలేదు. కుళాయి కింద ఒకచోట మళ్లీ చెయ్యి పెట్టాడు.

"కారతా ఉందా నాయనా?" అని అడిగాను.

"నేను చెప్తే నా మాటైతాది పెద్దమ్మా. నువ్వే పెట్టి చూడు."

పెట్టాను. మండే ఎండల్లో మిగతా టైళ్లన్నీ వెచ్చగా ఉంటే అదొక్కటే చల్లగా ఉంది. అతను నా ముఖంలోకి చూశాడు కానీ అవుననలేదు, కాదనలేదు. అందరిళ్లలోనూ అంతేనా, నా దగ్గరే అట్లా చేశాడా అన్నది నాకిప్పటికీ తెలియదు.

మరుసటి రోజు పొద్దున, మా ఆయన అడ్వాన్సు ఇవ్వడానికి బయలుదేరకముందే, నేనొక్కదాన్నే ఆ ఇంటికి నడిచి వెళ్లాను.

"గోడ పగలగొట్టి పైపు మార్పించన్నా. అప్పుడే కొంటాం" అని ఇల్లమ్మే ఆయనకు చెప్పాను. వెళ్లేముందు మా ఆయనను అడగలేదు.