ఏసురాజు గారి మూడు పాటలు

గిటారు గురించి నాకు తెలిసిందంతా ఏసురాజు గారు నేర్పిందే. ఆ మనిషికి నేను చేసింది ఇన్నేళ్ళ తర్వాత చెప్పుకుంటున్నాను. చెప్పుకుంటే బరువు తగ్గుతుందంటారు గానీ, నాకలా ఏం అనిపించడం లేదు.

ఆయన అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో కాయలు ఒలిచేవారు. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయ గుచ్చడం, మెలితిప్పి పీచు ఊడదీయడం, మళ్ళీ ఇంకో కాయ. మధ్యాహ్నం మూడింటిదాకా అదే పని. ఆ తర్వాత స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గిటారు పట్టుకునేవారు. వాళ్ళ చర్చి తాటాకు పాకగా ఉన్నప్పటినుంచీ అందులో పాటలకి వాయించింది ఆయనే.

మా వైపు చర్చిల్లో పాడేవాళ్ళు శ్రుతి అడగరు. లేచి నిలబడి, గొంతుకి తోచిన ఎత్తులో మొదలుపెట్టేస్తారు. వాయించేవాడే వెతుక్కుని పట్టుకోవాలి. ఏసురాజు గారు మొదటి మాట పూర్తయ్యేలోపు పట్టేసేవారు. "ఎలాగండీ మాస్టారూ?" అని అడిగితే, "పాడేముందు ఊపిరి తీసుకుంటారు కదండీ, అప్పుడే తెలిసిపోద్దండి" అని నవ్వేవారు. నాకు మాత్రం ఏ ఊపిరిలోనూ ఏమీ తెలిసేది కాదు.

నేను ఆ కొబ్బరి కొట్టున్న వీధిలోనే కంప్యూటర్ సెంటర్ నడిపేవాణ్ణి. రెండువేల నాలుగులో రాజమండ్రి స్నేహితుడొకడు గిటారు సంగీతం రాసుకునే సాఫ్ట్‌వేర్ సీడీ ఇచ్చాడు. తెర మీద ఆరు గీతలు, గిటారుకి ఆరు తీగల్లా. ఏ తీగ మీద ఎన్నో మెట్టు నొక్కాలో అంకె వేస్తే చాలు, కంప్యూటరే వాయించేది. నచ్చని స్వరం చెరిపేయొచ్చు, నచ్చిన వరస కాపీ చేసి నాలుగుచోట్ల అతికించొచ్చు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నేనూ అంతే. తిండి కూడా ఆ కంప్యూటర్ ముందే.

చర్చి పాతికేళ్ళ పండగ వచ్చింది. పాటలకి సంగీతం బాగా కుదరాలని పాస్టరు గారు నాకూ కబురు పెట్టారు. ఏసురాజు గారిని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన వాయించిందల్లా అంకెల్లోకి ఎక్కించాను. అప్పటికే ఆయన చూపుడు వేలు కణుపు దగ్గర వాచి ఉండేది. కొన్నిచోట్ల స్వరం తప్పేది. అవన్నీ సరిచేశాను. ఒకచోట మాత్రం ప్రతిసారీ పిసరంత ఆగేవారు.

"ఇక్కడ ఆలస్యమవుతోందండీ మాస్టారూ."

"అక్కడ పాడేవాళ్ళు గుక్క తిప్పుకోవాలి కదండీ."

"కంప్యూటర్లో అలా ఉండకూడదండి" అని అదీ సరిచేసేశాను. పిల్ల వచ్చి గుడ్డుని వెక్కిరించడమంటే ఇదే.

పండగ రోజు సాయంత్రం చర్చి ఆవరణలో స్టేజీ వేశారు. ఏసురాజు గారి కరెంటు గిటారు వైరు నేనే సౌండ్ మిక్సర్‌కి తగిలించాను. తగిలించి, మిక్సర్ మీద ఆయన గిటారు శబ్దాన్ని పెంచే మీట పూర్తిగా కిందికి దించేశాను. ఆయన వాయిస్తారు, జనానికి వినపడేది మాత్రం కంప్యూటర్ గిటారు. ఆయనకి చెప్పలేదు. వేలు బాగోలేదు, నలుగురిలో తప్పు పోతే ఆయనకే చిన్నతనం కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. శుద్ధ అబద్ధం. పేరు నాకు కావాలి, అంతే.

పాడిన కుర్రాళ్ళు ముందొచ్చే వాయిద్యం విని అదే శ్రుతి అందుకోవడంతో మూడు పాటలు బ్రహ్మాండంగా సాగాయి. ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య రాజరత్నం గారు పైటకొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అది చూసి కూడా నేను సంతోషించాను. సిగ్గులేని వెధవని.

నాలుగో పాట, చర్చిలో మొదటినుంచీ పాడే రత్నమాణిక్యం గారిది. డెబ్బై ఏళ్ళు. అంతకుముందు వారం వాళ్ళింటికి వెళ్ళి ఆవిడ చేత పాడించుకునే శ్రుతి రాసుకున్నాను. అయితే అప్పుడు మంచం మీద కూర్చుని, కూనిరాగం తీసినట్టు పాడారు. ఇక్కడ ఐదొందలమంది ముందు నిలబడి గొంతెత్తారు. శ్రుతి ఎక్కడికో పోయింది. నా కంప్యూటర్ మాత్రం రాసిన శ్రుతిలోనే, రాసిన వేగంతోనే పోతోంది. పాటొకటి, వాయిద్యమొకటి. జనంలో నవ్వులు. గాభరాగా కంప్యూటర్ ఆపేశాను.

ఆవిడ పాడుతూనే, పాతికేళ్ళుగా అలవాటైనట్టు, ఏసురాజు గారి వైపు తిరిగారు. ఆయన వేళ్ళు అప్పటికే సరైనచోట పడ్డాయి. నాకు కనపడుతూనే ఉంది. చప్పుడు మాత్రం లేదు.

ఆ మీట నా చేతికి జానెడు దూరంలో ఉంది. పైకి తోస్తే చాలు. కానీ అప్పుడు హఠాత్తుగా ఆయన గిటారు మోగితే, అంతవరకూ మోగలేదని అందరికీ తెలిసిపోతుంది. నేను తొయ్యలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఏసురాజు గారు తలదించి గిటారు వంక చూసుకున్నారు. వైరు కదిపారు. ఆవిడ చరణం పూర్తిచేశాక మైకు దగ్గరికి వచ్చి, "క్షమించాలండి, నా గిటారు పాడైనట్టుంది" అన్నారు. వెనకనుంచి ఎవరో, "గిటారు కాదులెండి, పాపం వేళ్ళే పడట్లేదు" అన్నారు. ఆ మాట ఊరంతా తిరిగింది. ఆయన మళ్ళీ స్టేజీ ఎక్కలేదు.

వారం రోజులు ఆ వీధిలో మొహం చాటేసి తిరిగాను. ఎనిమిదో రోజు తెగించి కొబ్బరి కొట్టుకి వెళ్ళాను. మీట సంగతి చెప్పేశాను. ఆయన కాయ ఒలవడం ఆపలేదు.

"రెండో పాటలోనే తెలిసిందండి. వేలు పట్టేస్తే ఒకచోట వాయించడం ఆపాను. గిటారు ఆగలేదు."

"మరి పాడైందని ఎందుకన్నారు మాస్టారూ? నా వంక ఒక్కసారి చూసుంటే..."

"నేను మీ వంక చూస్తే అందరూ మీ వంకే చూస్తారు కదండీ. చిన్నవారు."

అక్కడే ఆ పీచు కుప్పల మధ్య నిలబడి ఏడ్చాను. కాసేపటికి, వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందూ నిజం చెప్పేస్తానన్నాను.

ఆయన అప్పుడు పని ఆపి నా మొహంలోకి చూశారు. "వద్దండి శివగారూ. మా రాజరత్నం ఆ మూడు పాటలూ నేనే వాయించాననుకుంటోందండి."

నిజం చెప్పలేదు. ఇప్పటికీ బజారులో కనపడితే రాజరత్నం గారు ఆపి మరీ అంటారు, "చివర్లో గిటారు పాడైపోయింది గానీ, ఆ మూడు పాటలూ మా ఆయన ఎంత బాగా వాయించారండీ!" అని.

"అవునండీ" అంటాను.