స్తోయ్నా గొంతు

ఇరవై ఆరేళ్లపాటు బ్రెస్తొవెన్ ఊళ్లో ఏ వంటింట్లోకి తొంగిచూసినా స్తోయ్నా గొంతే. గోడకు రేడియో డబ్బా, దానికో తీగ, ఆ తీగ రెండో కొసన ఊరి ఆఫీసు గదిలో మైకు ముందు స్తోయ్నా. రొట్టెల బండి ఎప్పుడొస్తుందో, నీళ్లు ఎప్పుడాగుతాయో, ఎవరు పోయారో ఆవిడ చెబితేనే ఊరికి తెలిసేది. ఎవరి మేకో తప్పిపోతే దాని రంగు రెండుసార్లు అడిగి మరీ చదివేది.

అలాంటి ఊరికి అభివృద్ధి పట్టింది. రాజధాని సోఫియా నుంచి ఎవరో కంపెనీవాళ్లు వచ్చి, రోడ్డంతా తవ్వి కొత్త కేబుల్ వేసి, పాత తీగలు పీకి పారేశారు. మేయరు గెంచో రిబ్బను కత్తిరించాడు. ఆ నేర్పు గుంటలు పూడ్చడంలో ఉంటే ఊరు ఎప్పుడో బాగుపడేది! ఇకమీదట ఏం కావాలన్నా ఒక్క నంబరుకు ఫోన్ చేస్తే చాలని ప్రకటించాడు. ఆ సాయంత్రమే స్తోయ్నా ఉద్యోగం ఊడింది.

"నిన్ను వదులుకుంటామా అక్కా? ఆ నంబరులో నీ గొంతే పెడతాం. ఊరు నమ్మేది నిన్నే కదా," అన్నాడు గెంచో.

ఆవిడ ఉబ్బిపోయింది. పొగిడితే బుర్ర పక్కన పెట్టేసే జబ్బు ఆవిడకీ ఉంది మరి. కంపెనీ మనిషి ఇచ్చిన తొమ్మిది వాక్యాలు చదివి రికార్డు చేయించి, చూపించిన చోట సంతకం గీకి, చాక్లెట్ల డబ్బా పుచ్చుకుని ఇంటికొచ్చింది.

ఊళ్లో ముసలివాళ్లు స్తోయ్నా గొంతు వింటే బదులు చెప్పకుండా ఉండలేరు. 'ఒకటి నొక్కండి' అంటే, 'నొక్కడమెందుకే, నువ్వే చెప్పు' అని దెబ్బలాడేవాళ్లు. చివరికి ఆ గొంతు 'మీ అభ్యర్థన అందింది, ధన్యవాదాలు' అనేసరికి చల్లబడి పెట్టేసేవాళ్లు.

పెత్కానా ముసలావిడ కాలు వాచింది. గురువారాల్లో ఊరికొచ్చే డాక్టర్ని ఇంటికి పంపమని ఫోన్ చేసి, 'అందింది' అన్న మాట విని, ఆ గురువారం నాడు, ఉతికిన మేజోళ్లు తొడుక్కుని, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా గేటు పక్క బెంచీమీద కూర్చుంది. డాక్టరు పక్క వీధిలో ముగ్గుర్ని చూసి వెళ్లిపోయాడు. ఆ అభ్యర్థన ఎవరికి అందిందో కంపెనీకే తెలీదు.

మర్నాడు అటుగా వెళుతూ స్తోయ్నా పలకరిస్తే పెత్కానా మొహం తిప్పుకుంది.

"ఏమైంది పిన్నీ?"

"ఏమైందా? అందిందన్నావు. పైగా ధన్యవాదాలు కూడానూ! నీకు అందాక ఇంకెవరికి అందాలే?"

స్తోయ్నా సిగ్గుతో చచ్చిపోయింది. తిన్నగా మేయరు దగ్గరికి నడిచింది.

"నా గొంతు తీసెయ్ గెంచో."

"ఎలా తీస్తానక్కా? సంతకం పెట్టావుగా, అది కంపెనీది. ఇంకో పదకొండు ఊళ్లక్కూడా నీదే పెడుతున్నారట. గొప్ప కాదూ!"

"గొప్పే. పదకొండు ఊళ్ల ముసలాళ్ల చేత నన్ను తిట్టిస్తున్నావు. సిగ్గులేకపోతే సరి."

గెంచో నవ్వాడు. నవ్వడానికే ఎన్నికైన మనిషి.

ఆవిడ మళ్లీ పెత్కానా గేటు దగ్గరికొచ్చి నిలబడింది.

"పిన్నీ, ఫోన్లో నా గొంతు ఏం చెప్పినా నమ్మకు. రేపు పొద్దున్నే పట్నం వెళ్లి నేనే డాక్టర్ని తీసుకొస్తా."

పెత్కానా వాచిన కాలు బెంచీమీదికి ఎత్తి పెట్టుకుంది.

"ఆ ఫోనూ ఇదే గొంతుతో చెప్పిందే," అంది.